మానెడుకు సోలెడు అంటే కిలోకు పావు కాదు: వంటింటి కాంటా, కొలత కప్పులు ఏడాది వాడాక

గత ఏడాది దీపావళికి ముందు హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక స్టీలు సామాన్ల దుకాణంలో 5 కిలోల దాకా జోకే వంటింటి డిజిటల్ కాంటాను, దానితోపాటు నాలుగు కప్పులు, నాలుగు చెంచాలు ఉన్న స్టీలు కొలతల సెట్టును కొన్నాను. కాంటాకు 750 రూపాయలు, సెట్టుకు 320 రూపాయలు అయ్యాయి. ఆ తర్వాత ఒక సంక్రాంతి, ఒక మామిడికాయ తొక్కుల కాలం, ఎన్నో మామూలు రోజులు గడిచాయి. ఈ రెంటిలో ఒకటి మా వంటింట్లో రోజూ చేతికి వచ్చే వస్తువైంది, రెండోది సగానికి సగం డబ్బాలోనే ఉంది. పిండివంటలు ఎక్కువగా చేసుకునే ఇళ్లవాళ్లకు ఉపయోగపడుతుందని, ఎందుకు అలా జరిగిందో వివరంగా రాస్తున్నాను.

కాంటా కొనాలన్న ఆలోచన సకినాల వల్ల వచ్చింది. మా అత్తమ్మ పుట్టిల్లు పరకాల. సకినాలకు ఆమె లెక్క ఒకటే: మానెడు బియ్యానికి సోలెడు నువ్వులు. బియ్యమూ నువ్వులూ ఆమె ఎన్నడూ జోకలేదు, కొలిచింది. రెండేళ్ల కిందట సంక్రాంతికి ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై, పని అంతా మా వదిన మీదా నా మీదా పడింది. మానికలో నాలుగో వంతు సోల కాబట్టి కిలో బియ్యానికి పావు కిలో నువ్వులు సరిపోతాయని నేను లెక్క వేసి, 5 కిలోల బియ్యానికి కిలోంపావు నువ్వులు తెప్పించి కలిపాను. పిండి చేతిలోకి తీసుకొని చుట్టబోతే రెండో చుట్టుకే తెగిపోసాగింది. బట్ట మీద ఎలాగో నిలిచినవి కూడా నూనెలో వేయగానే ముక్కలయ్యాయి, నూనె అంతా నువ్వులతో నిండిపోయింది. అత్తమ్మ మంచం మీద నుంచే ఒక ముక్క తెప్పించుకొని చూసి, "నువ్వులు ఎక్కువైనయి బిడ్డా, సోలతోటి కొలిచినవా, ఉత్తగనే పోసినవా?" అని అడిగింది. నేను కొలవలేదు, జోకాను. తప్పంతా అక్కడే ఉంది.

మన భాషలో కొలవడం వేరు, జోకడం వేరు. కొలత పాత్రను బట్టి, తూకం సరుకును బట్టి. ఒకే సోలలో బియ్యం పోస్తే ఒక బరువు, నువ్వులు పోస్తే మరో బరువు, పిండి పోస్తే ఇంకో బరువు వస్తుంది. కొలతలో నాలుగో వంతు అయినది తూకంలో నాలుగో వంతు కావాలంటే రెండు సరుకులూ ఒకే సాంద్రత కలిగి ఉండాలి. బియ్యం, నువ్వులు అలాంటివి కావు. ఈ మాట చదువుకున్నవాళ్లకు కొత్తది కాదు, కానీ చేతిలో వంట ఉన్నప్పుడు గుర్తుకు రాదు. కాంటా ఆ పనిలో తోడు వస్తుందన్న ఆశతోనే కొన్నాను.

దుకాణం గురించి ముందుగా ఒక మంచి మాట చెప్పాలి. యజమాని డబ్బా విప్పి, బ్యాటరీలు వేసి, కిలో ఉప్పు ప్యాకెట్ తెచ్చి దాని మీద పెట్టి చూపించారు. ప్యాకెట్ కవరుతో కలిపి 1,006 గ్రాములు చూపింది. ఇంటికి వచ్చాక నేను మరో పరీక్ష చేశాను. 2011లో మొదలైన, రూపాయి గుర్తు ఉన్న 10 రూపాయల నాణెం 7.71 గ్రాములు, 2019 తర్వాతిది 7.74 గ్రాములు ఉంటుంది. అందువల్ల ఇవి ఏవి కలిసినా 13 నాణేలు దాదాపు 100 గ్రాములు తూగుతాయి. కొన్ని కిరాణా కొట్లలో తీసుకోవడానికి ఇష్టపడకపోవడంతో మా ఇంట్లో ఒక డబ్బా నిండా అవే ఉన్నాయి. కాంటా సరిగ్గా 100 చూపింది. ఇప్పటికీ నెలకోసారి అవే నాణేలతో సరిచూస్తాను. ఏ కాంటా కొన్నా ఈ పరీక్ష చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

కాంటాతో మొదట చేసిన పని అత్తమ్మ ఇత్తడి కొలపాత్రలను కొలవడం. పాత లెక్క ప్రకారం నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కానీ ఏ ఊరి సోల ఆ ఊరిదే, ఒక ఊరి సోలకు మరో ఊరి సోలకు పొంతన ఉండదు. అందుకే సోల ఎన్ని మిల్లీలీటర్లని ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మవద్దని నా మనవి. మీ ఇంటి సోల ఎంతో మీరే తెలుసుకోవాలి, దానికి దారి చాలా సులువు. ఖాళీ సోలను కాంటా మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయాలి. మామూలు నీరు మిల్లీలీటరుకు ఒక గ్రాము కాబట్టి కాంటా చూపిన గ్రాములే ఆ పాత్ర పట్టే మిల్లీలీటర్లు. మా సోల 340 వచ్చింది. తవ్వ 680 రావాలి, 672 వచ్చింది. ఒకవైపు అంచు కొంచెం నొక్కుకుపోయి ఉంది, అందుకే కావచ్చు. గిద్దె 86.

ఇక సోలను తుడిచి ఆరబెట్టి, ఒక్కో సరుకుతో నింపి, అంచుకు సమంగా చేత్తో చదును చేసి జోకాను. సన్న బియ్యం మూడుసార్లు పోస్తే 279, 284, 282 గ్రాములు వచ్చాయి. నువ్వులు 205 గ్రాములు. అంటే మా ఇంటి మానెడు బియ్యం 1,128 గ్రాములు, దానికి నువ్వులు 205 గ్రాములు, కిలో బియ్యానికి లెక్కగడితే 182 గ్రాములు. నేను పోసింది 250. అయిదు కిలోలకు 340 గ్రాములు, అంటే సోలన్నర పైన, ఎక్కువ పడ్డాయన్నమాట. ఆ అంకె కాగితం మీద చూసినప్పుడు, రెండేళ్ల నాటి విరిగిన సకినాలు ఎందుకు విరిగాయో తేటతెల్లమైంది. మొన్నటి సంక్రాంతికి ఆ 182 ప్రకారమే జోకి కలిపితే ఒక్క చుట్టూ తెగలేదు.

ఇక్కడ మరో చిక్కు ఉంది, దాన్ని కూడా కాంటాయే పట్టించింది. సకినాలకు రాత్రంతా నానబెట్టి వడగట్టిన బియ్యాన్ని తడి మీదనే పట్టిస్తాం. గిర్ని నుంచి తెచ్చిన తడి పిండిని జోకితే, కిలో బియ్యానికి 1,290 గ్రాముల పిండి తూగింది. ఆ అదనమంతా నీరే. పిండి బరువును చూసి నువ్వులు లెక్కవేస్తే మళ్లీ ఎక్కువే పడతాయి. కాబట్టి పొడి బియ్యం నానబెట్టక ముందే జోకి, ఆ అంకెను గోడ క్యాలెండరు మీద రాసుకోవాలి. ఉప్పు, వాము, నువ్వులు అన్నిటికీ అదే ఆధారం. అత్తమ్మ బియ్యాన్ని నానబోసే ముందే మానికతో కొలిచేది, పిండిని ఎన్నడూ కొలవలేదు. కారణం చెప్పలేదు కానీ పద్ధతిలోనే ఆ తెలివి ఉంది.

అరిసెల విషయంలో ఆమె లెక్క ఇంకా గమనించదగ్గది: మానెడు బియ్యానికి ముప్పావు సేరు బెల్లం. బియ్యం కొలత, బెల్లం తూకం. బెల్లం గడ్డను సోలలో కొలవడం కుదరదు, దుకాణంలో తూచి ఇచ్చేవారు, అందువల్ల అది సేర్లలోనే ఇంటికి వచ్చేది. 80 తులాల సేరు 933 గ్రాములు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 నుంచి దశలవారీగా కిలోలు అమలులోకి వచ్చాక సేరు బజారు నుంచి పోయింది, వంటింటి మాటల్లో మాత్రం ఉండిపోయింది. ముప్పావు సేరు అంటే 700 గ్రాములు. దాన్ని 1,128 గ్రాముల బియ్యానికి పోలిస్తే కిలోకు 620 గ్రాముల బెల్లం. దీన్ని కిలోకు ముప్పావు కిలో అని మార్చుకున్న బంధువుల ఇంట్లో అరిసెలు నూనెలో విచ్చుకుపోతాయని ఎన్నో పండుగలుగా అనుకుంటున్నారు. మొన్న వాళ్లకు ఫోనులో ఈ లెక్క చెప్పాను. తులం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: ఇప్పుడు బంగారం దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు, పాత తులం 11.66 గ్రాములు.

ఇప్పుడు కొలత కప్పుల సంగతి. పెద్ద కప్పు పిడి మీద 250 మిల్లీలీటర్లు అని చెక్కి ఉంది. నీళ్లు పోసి జోకితే 238 గ్రాములే పట్టింది. అరకప్పు మీద 125 ఉంటే 119 పట్టింది. అమెరికా కప్పు 236.6 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. తయారుచేసినవారు మొదటి అచ్చులో పోసి రెండోదాని అంకె చెక్కినట్టున్నారు. ఒక కప్పుకు 12 మిల్లీలీటర్ల తేడా పప్పుకు, కూరకు లెక్కలోకి రాదు, కానీ కేకు చేసేవారికి నాలుగు కప్పులయ్యేసరికి అది 50 మిల్లీలీటర్ల దగ్గరికి పోతుంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు ఈ రెండూ కాదు, అది 180 మిల్లీలీటర్లు. ఇంట్లో మూడు రకాల కప్పులుంటే, ఎవరో చెప్పిన వంటకంలో కప్పు అన్న మాటకు అర్థం ఏమిటో ముందు తేల్చుకోవాలి. చెంచాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి: పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5. చిన్న చెంచాడు మెత్తటి ఉప్పు 6 గ్రాములు తూగింది.

పిండిని కప్పుతో కొలవడంలో అసలు దోషం కప్పుది కాదు, చేతిది. మైదాను చెంచాతో మెల్లగా వదిలి కప్పు నింపితే 122 గ్రాములు. అదే కప్పును డబ్బాలో గుచ్చి తీసి చదును చేస్తే 149 గ్రాములు. ఒకే కప్పు, ఒకే పిండి, 27 గ్రాముల తేడా. కారం పొడి కూడా ఇంతే. గిర్ని నుంచి వచ్చిన రోజు పొంగి ఉన్న కారం సోలెడు 143 గ్రాములు తూగితే, నెల తర్వాత జాడీలో కూర్చుకున్న అదే కారం 174 తూగింది. ఎండుమిరపకాయలకు పేరున్న జిల్లా మనది, వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. కారం పట్టించుకొని ఏడాదికి నిలవ చేసుకునే ఇళ్లలో ఈ 31 గ్రాములు తొక్కు రుచిని మార్చేస్తాయి.

ఉప్పు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మామిడికాయ తొక్కుకు మా ఇంట్లో కల్లుప్పు దంచి వేసేవారు. సోలెడు కల్లుప్పు 352 గ్రాములు, సోలెడు మెత్తటి ఉప్పు 413 గ్రాములు. కల్లుప్పు పలుకుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి తక్కువ తూగుతుంది. పాత లెక్కలో సోలెడు ఉప్పు అని ఉంటే అది ఏ ఉప్పో అడగకుండా ప్యాకెట్ ఉప్పు పోస్తే తొక్కు ఉప్పగా అవుతుంది, తగ్గించబోయి మరీ తగ్గిస్తే బూజు పడుతుంది. తూకంలో అయితే 350 గ్రాములు ఏ ఉప్పైనా 350 గ్రాములే. నా అభిప్రాయంలో వంటింటి కాంటా కొన్న డబ్బంతా ఈ ఒక్క పనికే గిట్టుబాటు అవుతుంది.

కాంటా లోపాలు కూడా చెప్పాలి. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది, కొద్దికొద్దిగా వేస్తే పట్టించుకోకపోవడం. గిన్నె పెట్టి సున్నా చేసి, వాము చిటికెడు చిటికెడుగా రాలుస్తూ పోతే అంకె సున్నా దగ్గరే నిలిచిపోయింది. గిన్నె ఎత్తి మళ్లీ పెడితే ఒక్కసారిగా 9 గ్రాములు చూపింది. చిన్న మార్పులను వణుకుగా భావించి సున్నాకు తెచ్చుకునే ఏర్పాటు ఇలాంటి యంత్రాల్లో ఉంటుంది, దానివల్లే ఇది. నేను కనిపెట్టిన ఉపాయం తిరగేసి జోకడం. వాము డబ్బానే కాంటా మీద పెట్టి సున్నా చేసి, అందులోంచి ఒకేసారి చెంచాతో తీస్తే, తీసినంత బరువు మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. జిగురుగా ఉండే తేనె, నెయ్యి వంటివాటికి ఈ పద్ధతి ఇంకా బాగుంటుంది, కొలపాత్ర గోడలకు అంటుకొని వృథా అయ్యేది ఉండదు. అయితే 5 గ్రాముల లోపు సరుకుకు ఈ కాంటాను నమ్మలేం. వంట సోడా, ఇంగువ, ఈస్టు చెంచాతోనే కొలవాలి. కప్పుల సెట్టులో చెంచాలు నేటికీ వాడుకలో ఉన్నది ఇందుకే.

రెండు నిమిషాలు తాకకపోతే కాంటా తానే ఆరిపోతుంది, అంతవరకు వేసిన లెక్క పోతుంది. చేతులు పిండితో ఉన్నప్పుడు ఇది చాలా చిరాకు. పెద్ద తాంబాళం పెడితే అంకెలు దాని కింద దాగిపోతాయి. మధ్యలో ఒక చిన్న గిన్నె బోర్లించి, దాని మీద తాంబాళం పెట్టి, సున్నా చేసుకుంటే కనిపిస్తాయి. బ్యాటరీలు నీరసించినప్పుడు 4, 5 గ్రాములు తప్పు చూపుతుంది, ముందుగా హెచ్చరించదు. నాణేలతో సరిచూడటం అందుకే అలవాటు చేసుకున్నాను. ఎగుడుదిగుడు బండ మీద పెట్టవద్దు, పొయ్యి మీంచి దించిన గిన్నెను నేరుగా పెట్టవద్దు.

మిల్లీలీటర్ల బటన్ గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే అది మనుషుల మధ్య తగవు తెచ్చింది. మా పక్కింటి ఆమె లీటరు నూనె ప్యాకెట్ తెచ్చి, కత్తిరించి గిన్నెలో పోసి, మిల్లీలీటర్లలో చూసింది. కాంటా 910 దగ్గర ఆగింది. 90 మిల్లీలీటర్లు తక్కువ పోశారని కిరాణా కొట్టతనితో మాట్లాడటానికి సిద్ధమైంది. ప్యాకెట్ తిప్పి చూస్తే 1 లీటరు, 910 గ్రాములు అని దాని మీదే రాసి ఉంది. ఆ బటన్ నొక్కినా కాంటా బరువునే చూస్తుంది, నీటి లెక్కన మార్చి చూపుతుంది. నూనె నీటికంటే తేలిక, అందుకే తక్కువ కనిపిస్తుంది. తేనె బరువు కాబట్టి ఎక్కువ కనిపిస్తుంది. నీళ్లకు తప్ప ఆ బటన్‌ను వాడకండి. పాలకు వాడినా తేడా వందకు దాదాపు మూడే.

సకినాలు, గర్జెలు ఆర్డర్ల మీద చేసి అమ్మే ఆడవాళ్లు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట. ఇలాంటి వంటింటి కాంటా పిండి కలుపుకోవడానికే, సరుకు జోకి అమ్మడానికి కాదు. అమ్మకానికి వాడే కాంటాకు తూనికలు, కొలతల శాఖ తనిఖీ, ముద్ర ఉండాలి. 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 2009 నాటి చట్టం అదే చెబుతుంది. నా కాంటా డబ్బా అడుగున కూడా వ్యాపారానికి వాడరాదని చిన్న అక్షరాల్లో ఉంది, దుకాణంలో ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

మొత్తం మీద కాంటాను కొనమనే చెబుతాను. 5 కిలోల రకమే తీసుకోండి, ఎందుకంటే గిన్నె బరువు కూడా అందులోనే పోతుంది. సెట్టుగా అమ్మే కప్పులకు డబ్బు పెట్టవద్దు, చెంచాలు మాత్రం విడిగా దొరికితే కొనండి. కప్పు కావాలంటే ఇంట్లో ఉన్న ఏదైనా స్టీలు గ్లాసును నీళ్లతో జోకి, ఎంత పడుతుందో దాని అడుగున మేకుతో చెక్కించుకుంటే చాలు.

సోలను మాత్రం అటక ఎక్కించలేదు. రోజూ అన్నానికి బియ్యం దానితోనే కొలుస్తాను, ఎసరు కూడా దానితోనే పోస్తాను. సోలెడు బియ్యానికి రెండు సోలల నీళ్లన్నప్పుడు రెండూ కొలతలే, ఒకే పాత్రవి, అక్కడ గ్రాములతో పని లేదు. అల్మారా తలుపు లోపలివైపు అంటించిన కాగితం మీద ఇప్పటికి పద్దెనిమిది సరుకుల తూకాలు ఉన్నాయి. మొన్న అత్తమ్మ పచ్చిపులుసుకు నిమ్మకాయంత చింతపండు తీస్తుంటే ఆమె చేతిలోంచి అడిగి తీసుకొని జోకాను. 32 గ్రాములు. మరునాడు మళ్లీ తీయించి జోకితే 31. ఆ అంకెను పంతొమ్మిదో వరుసలో రాశాను.